నీతి పాఠం ఎవరికి? - స్టువర్టుపురం, మార్లవాయి చెప్పే చరిత్ర

కొన్నేళ్ల కిందట మేము పనిచేసిన ఒక ఆశ్రమ పాఠశాలలో భోజనాల వరండా గోడ మీద నీలం రంగుతో సూక్తులు రాసి ఉండేవి. సత్యమే పలకాలి, పరుల సొమ్ము పాము వంటిది, పెద్దలను గౌరవించాలి. పిల్లలు పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడి రోజుకు మూడుసార్లు వాటిని చదివేవారు. చదివీ చదివీ చివరికి చూడడం మానేశారు. మేము కూడా అంతే.

ఒక వానాకాలం సాయంత్రం, పదో తరగతి పిల్లలు గ్రూపు ఫొటో కోసం పోగుచేసుకున్న డబ్బు కనిపించలేదు. టీచర్లం కూర్చున్నాం. పెట్టెలు వెతకాలన్నాం. ముందు ఎవరి పెట్టె అన్న ప్రశ్న ఎవరూ నోటితో అడగలేదు, ఎవరూ నోటితో జవాబు చెప్పలేదు. కానీ అందరి కాళ్లూ ఒకే మంచం వైపు నడిచాయి. అది ఎనిమిదో తరగతి చదివే ఒక ఎరుకల పిల్లవాడి మంచం. వాడి మీద అంతకు ముందు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. వాడి ట్రంకు పెట్టెలో రెండు జతల బట్టలు, సబ్బు ముక్క, వాళ్లమ్మ అల్లి ఇచ్చిన చిన్న ఈత బుట్ట ఉన్నాయి. డబ్బు మర్నాడు దొరికింది. లెక్క రాసిన పిల్లవాడే హాజరు రిజిస్టరు అట్టలో పెట్టి మరిచిపోయాడు. అందరి ముందు పెట్టె వెతికినవాళ్లం అందరి ముందు క్షమాపణ చెప్పలేదు. ఆ పిల్లవాడు దసరా సెలవులకు వెళ్లి మళ్లీ బడికి రాలేదు.

ఆదివాసులమై ఉండి, మన మీద ముద్రలు వేస్తున్నారని సభల్లో మాట్లాడేవాళ్లమై ఉండి, ఈ పని చేశాం. ఆ రోజు నుంచి ఒక ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. నీతి నేర్పవచ్చునా? నేర్పవచ్చు అనుకుంటే, ఆ వరండాలో నేర్చుకోవలసినవాళ్లు ఎవరు?

ఈ ప్రశ్న కొత్తది కాదు. దాదాపు 2,400 ఏళ్ల కిందట గ్రీకు దేశంలో ప్లేటో రాసిన ఒక సంభాషణ ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. మంచితనం బోధిస్తే వస్తుందా, సాధన చేస్తే వస్తుందా, పుట్టుకతో వస్తుందా అని మెనో అనే యువకుడు సోక్రటీసును అడుగుతాడు. మన దేశంలో 1964-66 నాటి కొఠారీ కమిషన్ బడి టైంటేబుల్లో నైతిక విలువలకు వారానికి ఒకటి రెండు పీరియడ్లు ఉండాలని చెప్పింది. అంతకంటే ముందు అమెరికాలో 1920ల్లో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు పదివేలకు పైగా పిల్లలను పరీక్షించారు. అబద్ధం చెప్పడానికీ, కాపీ కొట్టడానికీ, చిన్న చిన్న దొంగతనాలకూ వీలు కల్పించి ఎవరేం చేస్తారో చూశారు. వాళ్లకు తేలింది ఏమిటంటే, పిల్లలు నిజాయితీపరులు, మోసగాళ్లు అని రెండు జాతులుగా విడిపోయి లేరు. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లే మరోచోట మోసం చేయవచ్చు. నీతి సూత్రాలు బాగా చెప్పగలిగినంత మాత్రాన వాటి ప్రకారం నడుస్తారన్న నమ్మకమూ లేదు. కానీ ఒకే బడిలో టీచరు తీరును బట్టి, తరగతి వాతావరణాన్ని బట్టి పిల్లల నడత మారింది.

పుస్తకాల సంగతి అలా ఉంచుదాం. ఈ ప్రశ్నకు మన తెలుగు నేల మీదే రెండు పెద్ద ప్రయోగాలు జరిగాయి. రెండూ గిరిజనుల మీద జరిగినవే. ఒకటి కోస్తాలో బాపట్ల దగ్గర స్టువర్టుపురం. రెండోది ఆదిలాబాద్ అడవుల్లో మార్లవాయి. ఈ రెండు ఊళ్ల చరిత్ర పక్కపక్కన పెట్టి చదివితే జవాబు కొంత దొరుకుతుందని మా నమ్మకం.

మొదట స్టువర్టుపురం. ఎరుకలవాళ్లు పూర్వం దొంగలు కారు, వ్యాపారులు. వాళ్లలో ఒక శాఖ పేరే ఉప్పు ఎరుకల. గాడిదల మీద, ఎద్దుల మీద సముద్రతీరం ఉప్పును లోపలి ఊళ్లకు మోసేవాళ్లు. తిరుగు ప్రయాణంలో ధాన్యం తెచ్చేవాళ్లు. దారి పొడవునా బుట్టలు, తట్టలు, చాపలు అల్లి అమ్మేవాళ్లు. ఆడవాళ్లు సోది చెప్పేవాళ్లు. బండి పోని ఊరికి కూడా ఉప్పు చేరిందంటే ఇటువంటి సంచార జాతుల వల్లనే.

1850ల తర్వాత మద్రాసు రాజధానిలో రైలు దారులు పడ్డాయి. ఉప్పు రైలెక్కింది. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. 1876-78 నాటి పెద్ద కరువు పశువులను, మనుషులను తుడిచిపెట్టింది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక వెదురు కోయడం, పశువులను మేపడం నేరాలయ్యాయి. అంటే ఒక తరం బతుకుతెరువు ముప్పై ఏళ్లలో మూడు వైపుల నుంచి తెగిపోయింది. ఆకలితో కొందరు దొంగతనాలు చేసి ఉంటారు. అదే ఆకలితో మిగిలిన కులాల్లోనూ కొందరు చేశారు. కానీ వాళ్లు చేస్తే మనిషి దొంగ అయ్యాడు, వీళ్లు చేస్తే జాతి దొంగ అయింది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి, సాలె కొడుకు సాలె అవుతున్నట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడని ఆనాటి పాలకులు వాదించారు. మొదట ఉత్తరాదిన అమలైన ఈ చట్టం 1911 సవరణతో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే చాలు. ఏ తప్పూ చేయనివాడి వేలిముద్రలు కూడా పోలీసు రికార్డుకు ఎక్కేవి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. పేరు పిలిచినప్పుడు హాజరు పలకాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి బడులలో పెట్టే అధికారం కూడా చట్టం సర్కారుకు ఇచ్చింది.

ఇక్కడే మన విషయం వస్తుంది. కేవలం కాపలా పెట్టడం ఖర్చు, నీతి నేర్పి మార్చాలి అన్నారు. దానికోసం సెటిల్‌మెంట్లు పెట్టారు. 1913-14 కాలంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో పెట్టి బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంటు కట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. అదే స్టువర్టుపురం. కృష్ణ ఒడ్డున సీతానగరంలో, నెల్లూరు జిల్లా కావలిలో కూడా ఇటువంటివే వెలిశాయి. అక్కడ ప్రార్థన ఉంది, బడి ఉంది, వ్యవసాయం ఉంది, చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలి ఉంది. క్రమశిక్షణ, కష్టపడి పనిచేయడం, నిజాయితీ అనే పాఠాలు ఉన్నాయి. వాటితోపాటు హాజరు పిలుపు, చీటీ, శిక్ష కూడా ఉన్నాయి.

న్యాయంగా చెప్పాలంటే ఆ బడులలో చదివి పైకి వచ్చినవాళ్లు ఉన్నారు. భూమి దొరికినవాళ్లు ఉన్నారు. సెటిల్‌మెంటులో పనిచేసిన వాళ్లందరూ చెడ్డవాళ్లని మేము అనడం లేదు. కానీ ఆ బడి మొదటి పాఠం పలక మీద రాసే అక్షరం కాదు. నువ్వు పుట్టుకతో దొంగవు, అందుకే ఇక్కడ ఉన్నావు అన్నదే మొదటి పాఠం. ఆ పాఠం పైన నిజాయితీ అనే రెండో పాఠం ఎలా నిలుస్తుంది? రోజూ హాజరు పలికించుకునే మనిషికి, నిన్ను ఎవరూ నమ్మరు అని రోజూ చెప్పినట్టే కదా.

1936లో నెల్లూరు వచ్చినప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టాన్ని గట్టిగా ఖండించారు. ఒక జాతి మొత్తాన్ని నేరస్థులనడం నాగరికతకు తగదన్నారు. నెల్లూరు ప్రాంతానికి చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం, ఎరుకల కోసం, ఈ చట్టం రద్దు కోసం జీవితమంతా తిరిగారు. చివరికి అనంతశయనం అయ్యంగార్ కమిటీ సిఫారసు తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. 1970ల్లో కవి జాషువా కుమార్తె హేమలతా లవణం స్టువర్టుపురం వెళ్లి ఆ కుటుంబాల మధ్య పనిచేశారు. చట్టం పోయి ఇరవై ఏళ్లు దాటినా అక్కడ అటువంటి పని అవసరమైంది. ఆ తర్వాత కూడా 1991లో, మళ్లీ 2023లో ఆ ఊరి పేరుతో, ఆ ఊరి దొంగల కథలతో సినిమాలు వచ్చాయి. చట్టం పోయింది, ముద్ర పోలేదు. మా ఆశ్రమ పాఠశాల వరండాలో మా కాళ్లను నడిపించింది ఆ ముద్రే.

ఇప్పుడు మార్లవాయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము, ఆయన సహచరులు నిజాం పోలీసుల తూటాలకు బలయ్యారు. భూమి, అడవి, నీరు మావి అన్నదే వాళ్ల నేరం. ఆ తర్వాత గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించింది. ఆ పనికి దొరికిన మనిషి ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఆయన దగ్గర ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అందుకని బ్రిటిష్‌వాళ్లు ఆయనను శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నారు. ఏ తప్పూ చేయకపోయినా పుట్టిన చోటును బట్టి అనుమానించడం అంటే ఏమిటో ఆయన కొంతైనా రుచి చూశారు.

ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. తిరుగుబాటుకు కారణం గోండులకు నీతి లేకపోవడం కాదనీ, వాళ్ల భూములు షావుకార్ల చేతుల్లోకి, పట్టాలు బయటివాళ్ల పేర్ల మీదికి పోవడమే కారణమనీ రాశారు. కాగితం చదవడం రాని మనిషి మాటను నమ్మి వేలిముద్ర వేశాడు. కాగితం చదవడం వచ్చిన మనిషి ఆ నమ్మకాన్ని తిన్నాడు. ఇందులో నీతి పాఠం ఎవరికి కావాలి?

అందుకే మార్లవాయిలో 1943లో మొదలైన బడి నీతి బడి కాలేదు. అది అక్షరాల బడి, ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం. గోండు యువకులనే తీసుకుని టీచర్లుగా తయారుచేశారు. గోండీ భాషలో నాగరి లిపితో వాచకాలు వేశారు. మన కథలు, మన దేవతల పుట్టుక, మన పండుగలు ఆ వాచకాల్లోకి వచ్చాయి. అప్పటి అధికారి సేతుమాధవరావు వంటివారు తోడ్పడ్డారు. బడితోపాటు భూమి పట్టాలు ఇచ్చారు. కెస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు పెట్టి అధికారులను గిరిజనుల ముందు కూర్చోబెట్టి జవాబు చెప్పించారు. గమనించండి. స్టువర్టుపురంలో హాజరు పలకవలసింది గిరిజనుడు. కెస్లాపూర్‌లో హాజరు పలకవలసింది అధికారి.

మార్లవాయి బడి మొదటి పాఠం వేరు. నీ భాషకు అక్షరం ఉంది, నీ పెద్దలు చెప్పింది పుస్తకంలో అచ్చు వేయదగినది అన్నదే ఆ పాఠం. నీతి ఎక్కడుందని అడిగితే, అది ఊళ్లోనే ఉంది, మేం దాన్ని చెడగొట్టకుండా అక్షరం ఇస్తాం అన్నట్టుంది ఆ పద్ధతి. హైమెండార్ఫ్ తర్వాత 1967లో వివిధ సమాజాల్లో మంచి చెడ్డల భావన మీద ఏకంగా ఒక గ్రంథం రాశారు. మనవంటి జాతుల్లో నీతి లేదన్న మాట అబద్ధమని మనకు ఆయన చెప్పనక్కర లేదు. కానీ ఆ మాటను చదువుకున్న లోకం వినేలా చెప్పినవాళ్లలో ఆయన ఒకరు.

ఊళ్లో ఉన్న ఆ నీతి ఎలా నేర్పబడుతున్నదో మన యువకులు ఒకసారి ఆలోచించాలి. దీపావళి ముందు దండారి జట్టు పొరుగూరికి వెళ్తుంది. గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు ధరించి దీక్షలో ఉంటారు. వచ్చిన జట్టుకు ఆ ఊరు అన్నం పెడుతుంది. తర్వాత ఈ ఊరు ఆ ఊరి జట్టుకు పెడుతుంది. అతిథిని ఆదరించాలి అని గోడ మీద ఎవరూ రాయలేదు. పది మందికి వండిన కుండ దగ్గర నిలబడి, ముందు వచ్చినవాళ్లకు వడ్డించి, ఆ తర్వాత తిన్న పిల్లవాడికి అది వచ్చేసింది. మెస్రం వంశంవాళ్లు గోదావరి నీళ్ల కోసం కాలినడకన పోయివస్తారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడమంటే ఏమిటో వెంట నడిచిన పిల్లల కాళ్లకు తెలుస్తుంది. కొత్త కోడళ్లను నాగోబా ముందు భేటింగ్ చేయిస్తారు. నువ్వు ఇకపై ఒంటరివి కాదు, మాలో ఒకతెవు అని వంశమంతా సాక్ష్యం చెబుతుంది. తగువు వస్తే పటేల్ ఇంటి ముందు, పెద్ద తగువైతే రాయి సెంటర్‌లో సార్మేడి ముందు కూర్చుంటారు. పిల్లలు చుట్టూ నిలబడి వింటారు. ఎవరు ఏం చెప్పారు, పెద్దలు ఎలా తూచారు, చివరికి ఇద్దరూ కలిసి ఎలా భోంచేశారు అన్నది చూస్తారు. ఇది నీతి బోధన కాదా? పీరియడు లేదు, పరీక్ష లేదు, కానీ బోధనే.

అయితే మనల్ని మనం పొగుడుకుని ఆగిపోతే అది కూడా అబద్ధమే అవుతుంది. ఆచారం నేర్పేదంతా మంచి కాదు. చేతబడి చేసిందన్న నెపంతో ముసలమ్మను కొట్టిన ఊళ్లు మన మధ్య ఉన్నాయి. పంచాయతీలో తగువు ఆడదానిదైనా మాట మగవాళ్లదే అవుతున్న చోట్లున్నాయి. సారా తాగి తెచ్చుకున్న అప్పు వల్ల పోయిన ఎకరాలున్నాయి. ముసలమ్మను కొట్టిన చేతులు కూడా పుట్టుకతో చెడ్డవి కావు. చిన్నప్పటి నుంచి చూసి నేర్చుకున్నవే. అంటే నీతి నేర్పబడినట్టే అనీతి కూడా నేర్పబడుతుంది, అదే దారిలో. కాబట్టి బడికి ఇక్కడ పని ఉంది. ఆ ముసలమ్మ జ్వరం తేలేదు, దోమ తెచ్చింది అని చెప్పగలిగేది బడి. ఇంట్లో అమ్మాయి మాటకు విలువ లేకపోతే తరగతిలో ఆ అమ్మాయిని లేపి మాట్లాడించగలిగేది బడి.

మార్లవాయి కథ కూడా సుఖాంతం కాలేదు. రాష్ట్రాలు మారాయి, బడి భాష మారింది, గోండీ వాచకాలు వెనక్కి పోయాయి. భూమి బదలాయింపును ఆపడానికి 1959లో నిబంధన, దాన్ని బిగించడానికి 1970లో ఒకటో నిబంధన వచ్చినా, భూములు చేజారుతూనే ఉన్నాయని హైమెండార్ఫ్ స్వయంగా 1982 నాటి పుస్తకంలో బాధపడ్డారు. అంతకు ముందు ఏడాదే, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం గుమిగూడిన మనవాళ్ల మీద కాల్పులు జరిగాయి. ఒక చిన్న బడి పిల్లలకు మర్యాద నేర్పగలదు గానీ చుట్టూ ఉన్న అన్యాయాన్ని ఒంటరిగా ఆపలేదు. అయినా 1987లో కన్నుమూసిన బెట్టీ ఎలిజబెత్ సమాధి ఈనాటికీ మార్లవాయిలో ఉంది. మన వాళ్లు అక్కడ దండం పెడతారు. అదే ఊరి కనకరాజు గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఒక ఊరిని నమ్మినవాళ్లను ఆ ఊరు మరిచిపోలేదు.

రెండు ఊళ్లనూ తూచి చూస్తే మాకు తోచింది ఇది. నీతి నేర్పవచ్చు, కానీ మూడు షరతుల మీద. ఒకటి, నేర్పేవాడు నేర్చుకునేవాణ్ణి ముందు నమ్మాలి. అనుమానం మీద కట్టిన బడిలో అణకువ వస్తుంది గానీ నీతి రాదు. రెండు, నేర్పేవాడు కూడా అదే నియమానికి లోబడాలి. వెట్టి చేయించుకున్న దొర నోట, దొంగ లెక్కలు రాసిన షావుకారు నోట నిజాయితీ పాఠం ఎవరికీ ఎక్కదు. వార్డెన్ పిల్లల నూనె, పప్పు తూకంలో తగ్గిస్తే గోడ మీద ఎన్ని సూక్తులున్నా పిల్లలు నేర్చుకునేది ఆ తూకాన్నే. మూడు, నేర్చుకునేవాడికి ఆ నీతి ప్రకారం బతికే వీలుండాలి. ఉప్పు బండి లాక్కుని, వెదురు పొద మూసేసి, కష్టపడి బతకమని చెప్పడం నీతి కాదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక్క మాట. సూక్తులు రాయవద్దని మేము అనము. కానీ రాసిన ప్రతి సూక్తి కింద ముందు మన పేరు ఉండాలి. యువకులకు ఒక్క మాట. నిన్ను ఎవరైనా ఫలానా జాతి అని చూస్తే నీకు మండుతుంది కదా. ఆ మంట గుర్తుంచుకో. పక్క తండా, పక్క గూడెం, పక్క వాడ పిల్లవాణ్ణి చూసినప్పుడు అదే గుర్తు తెచ్చుకో.

ఆ ఏడాది తర్వాత మా బడిలో ఏ వస్తువు పోయినా పిల్లల పెట్టెల కంటే ముందు స్టాఫ్ రూమ్ సొరుగులు, రిజిస్టర్లు వెతకాలని పిల్లల ముందే తీర్మానం చేసుకున్నాం. అప్పటి నుంచి ఇప్పటికి మూడుసార్లు వస్తువులు పోయాయి, రెండుసార్లు సొరుగుల్లోనే దొరికాయి. ఆ ఎరుకల పిల్లవాడి ఇంటికి కూడా వెళ్లాం. పిల్లవాడు పనికి పోయాడు. వాళ్లమ్మ గడప దగ్గర బుట్ట అల్లుతూ ఉంది. క్షమాపణ చెప్పాం. ఆమె కాసేపు చేతులాపి మా వంక చూసింది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, సార్, అందరి ముందు వెతికారు, ఒక్కదానికి నాకు చెబితే ఎట్లా అంది.

అందుకే ఈ మాటలు అచ్చులో రాస్తున్నాం.